సూది పనా, మనిషి పనా?

పుంగనూరులో ఒక పెద్దావిడకు ఎండోస్కోపీ చేయించాలి. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో చేయబోతే, గొట్టం సగం దిగేసరికి ఓకరింతలొచ్చి తన చేత్తోనే లాగి పారేసింది. "చచ్చినా మళ్లీ ఆ గొట్టం మింగను" అని అప్పట్నుంచీ ఒకటే మాట. ఇప్పుడేమో అన్నం సయించడం లేదు, ఒళ్లు తగ్గిపోయింది. లోపల చూడక తప్పదు. ఆవిడ చిన్నకొడుకు కుప్పంలో మత్తు డాక్టరు. పెద్దకోడలు మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో నర్సింగ్ చదివి, మదనపల్లెలోనే ఉద్యోగం చేసి రిటైరైంది. ఆ తర్వాత ఊరికే కూర్చోలేక ఆక్యుపంక్చర్ నేర్చుకుంది. "ఈసారి గొట్టం వేసేముందు అత్తకు నేను రెండు సూదులు పెడతా" అని ఆమె, "పెట్టడానికి వీల్లేదు" అని ఈయన. ఆ ఇంటికి రాకపోకలున్నవాణ్ణి కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. ఇంటి గొడవలు తీసేసి వైద్యం గొడవ మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

మరిది: వదినా, ముందే చెప్పేస్తున్నాను. గొంతులో లిగ్నోకైన్ స్ప్రే కొడతారు. అమ్మ మరీ భయపడితే నరానికి కాస్త మిడజోలమ్ అనే మగత మందు ఇస్తారు, నేనే పక్కనుండి చూసుకుంటాను. అయిదు పది నిమిషాల్లో అయిపోయేదానికి చైనా సూదులెందుకు?

వదిన: స్ప్రే వద్దని నేనెక్కడన్నాను నాయనా? పోయినసారీ కొట్టినారు. కొట్టి, గొంతు మొద్దుబారేదాకా రెండు మూడు నిమిషాలైనా ఆగకుండా గొట్టం దోపినారు. ఒకాయన తల గట్టిగా పట్టుకున్నాడు, ఇంకొకాయన "మింగమ్మా, మింగు, మింగు" అని ఒకటే కేకలు. అత్త చెయ్యి పట్టుకున్న మనిషి ఒక్కరు లేరు.

మరిది: అది తొందరపాటు. తొందరకు మందు నిదానం, సూది కాదు.

వదిన: ఆ నిదానం ఏ మందుల షాపులో దొరుకుతుందో చెప్పు, పోయి తెస్తా. సర్వీసంతా చూసినాను. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లు తీసేటప్పుడు, తుంటి ఎముకలోంచి మజ్జ లాగేటప్పుడు, కాలిన పుండ్లకు కట్టు మార్చేటప్పుడు, గర్భసంచి ట్యూబుల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసేటప్పుడు మనం ఇచ్చే మత్తుమందు ఒకటే: "ఓర్చుకోమ్మా." పెద్ద ఆపరేషనుకు నువ్వుంటావు, మిషన్లుంటాయి. చిన్నవాటికి ఎవరుంటారు? అది చిన్నదని చెప్పాల్సింది బల్లమీద పడుకున్న మనిషి కదా, మనమా?

(ఈ మాటకు డాక్టరు వెంటనే జవాబు చెప్పలేదు. టీ తాగాడు. ఆ రోజు మాట్లాడుకున్న వాటన్నిటిలో అసలు ప్రశ్న ఇదేనని నాకనిపించింది. దీనికి చివరిదాకా పూర్తి జవాబు రాలేదు కూడా.)

మరిది: లోటుంది, ఒప్పుకుంటాను. లోటుంది కదా అని ఏది దొరికితే అది తెచ్చి పూడ్చలేం. మీ సూదికి సాక్ష్యమేంటి?

వదిన: చెయ్యి ఇట్లా ఇయ్యి. పిడికిలి బిగించు. మణికట్టు దగ్గర మడత ఉంది కదా, అక్కడ నీ మూడు వేళ్లు అడ్డంగా పెట్టి మోచేతి వైపు కొలువు. చర్మం కింద రెండు తాళ్ల మాదిరి తేలినాయి చూడు, ఆ రెండిటి నడుమ. ఇదిగో, ఇక్కడ. నొక్కితే ఎట్లుంది?

మరిది: బరువుగా, లోపలికి లాగుతున్నట్టు ఉంది. దానికింద మీడియన్ నెర్వ్ పోతుంది వదినా. ఎవరు నొక్కినా అట్లాగే ఉంటుంది.

వదిన: నర్వే కానీలే. దీన్ని పి6 అంటారు. ఆపరేషన్ అయినాక వచ్చే వాంతులకు ఈ చోటు పనికొస్తుందా లేదా అని 2015లో వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు 59 పరీక్షలు ఒకచోట చేర్చి చూసినారు. మొత్తం 7,667 మంది. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే వికారమూ తగ్గింది, వాంతులూ తగ్గినాయి. వాంతుల మందుతో పోలిస్తే తేడా కనబడలేదని రాసినారు. ఇదేమీ చైనా గురువుల మాట కాదు. 1980లలో దీన్ని పట్టించుకుని పరీక్షలు మొదలుపెట్టింది కూడా బెల్‌ఫాస్ట్‌లో జాన్ డండీ అని ఒక మత్తు డాక్టరే. మీ కులమే.

మరిది: ఆ సమీక్ష నేనూ చదివాను. ఉత్తుత్తి చికిత్సతో పోల్చినచోట సాక్ష్యం నాణ్యత తక్కువ అని వాళ్లే రాశారు. ఆ ముక్క మీ క్లాసులో చెప్పి ఉండరు. ఇంకో సంగతి, అది మత్తు దిగాక వచ్చే వికారం గురించి. గొంతులో గొట్టం తగలగానే వచ్చే ఓకరింత వేరు. గొంతు గోడకు ఏదైనా తాకితే మెదడు అడుగు భాగం దానంతటదే బయటికి తోసేస్తుంది. మణికట్టు మీద నొక్కితే అది ఆగుతుందని ఈ 7,667 మందీ చెప్పలేదు.

వదిన: గొట్టం సంగతే కావాలా? 1978 నాటి లాన్సెట్ వైద్య పత్రిక తీసి చూడు. ఫ్రెంచి డాక్టర్లు గ్యాస్ట్రోస్కోపీకి వచ్చినవాళ్లలో కొందరికి సరైన చోట, కొందరికి కాని చోట సూదులు పెట్టినారు. సరైన చోట పెట్టినవాళ్లు గొట్టాన్ని బాగా తట్టుకున్నారు. పళ్లకు అచ్చు తీసేటప్పుడు ఓకరించేవాళ్లకు కింది పెదవి కింద గుంటలో సూది పెట్టి, ఆ ఫలితాలు 2006లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో వేసినారు.

మరిది: రెండూ చిన్నవే. పళ్లవాళ్ల దాంట్లో పోల్చి చూడటానికి ఎదురు గుంపే లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మాత్రకైతే అదే రంగులో, అదే రుచితో ఉత్తుత్తి మాత్ర చేయొచ్చు. సూదికి ఏం చేస్తారు? గుచ్చామో లేదో రోగికి తెలుస్తుంది, గుచ్చేవాడికి అంతకంటే బాగా తెలుస్తుంది. 1998లో జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ అనే డాక్టరు ఒక మొద్దు సూది తయారుచేశాడు. నాటకాల్లో పొడుచుకునే కత్తిలాగా మొన వెనక్కి పిడిలోకి పోతుంది. రోగి గుచ్చారనే అనుకుంటాడు. అట్లాంటివి వచ్చాక మీ సూదుల గొప్ప చాలా తగ్గింది.

వదిన: తగ్గిందా? లెక్క చెప్పు.

మరిది: చెప్తాను. నడుము నొప్పి మీద జర్మనీలో 1,162 మందితో పెద్ద పరీక్ష చేశారు, ఫలితాలు 2007లో వచ్చాయి. చైనా శాస్త్రం ప్రకారం పెట్టినవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. ఎక్కడబడితే అక్కడ పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం. అంటే చోటుకు పెద్ద విలువేం లేదు. మీరిప్పుడు నా చేతిమీద మూడు వేళ్లు పెట్టి కొలిచిన కొలతకు అర్థమేముంది?

వదిన: మూడో గుంపు సంగతి మింగేస్తాండావే! మందులూ, వ్యాయామమూ ఇచ్చిన మామూలు వైద్యంలో ఎంతమందికి నయమైంది?

మరిది: ...27.4 శాతం.

వదిన: అదీ. నువ్వు 47కూ 44కూ మధ్య సందు చూస్తాండావు. నేను 27 చూస్తాండాను. నొప్పితో వచ్చినోడు ఏది చూస్తాడు?

మరిది: ఆ సందే కదా వదినా శాస్త్రం! నూటికి 44 మందికి గుణమిచ్చింది ఏంటి? నమ్మకం, శ్రద్ధ, ఇరవై నిమిషాలు ఒక మనిషి పక్కన కూర్చోవడం. అది సూది గొప్ప అని చెప్పుకుంటే తప్పు. ఉప్పునీళ్ల ఇంజెక్షన్ ఇచ్చి నేను కూడా కొందరికి నొప్పి తగ్గించగలను. దాన్ని మందు పేరుతో ఇస్తే నా రిజిస్ట్రేషన్ ఏం కావాలి?

వదిన: నొప్పి సంగతి నువ్వే చదువుకున్నావు కదా. 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఏం చెప్పినారు? వెన్నుపాములో గేటు మాదిరి ఒక ఏర్పాటుంది, వేరే స్పర్శ పోతాంటే నొప్పికి దారి ఇరుకైపోతుందని. దెబ్బ తగిలితే చేత్తో రుద్దుకునేది అందుకే కదా. 1977లో అమెరికాలో సూదితో పంటినొప్పి తగ్గించి, నలొక్సోన్ ఇస్తే ఆ గుణం పోయిందని చూసినారు. నలొక్సోన్ దేనికి విరుగుడు? మార్ఫిన్‌కు. అంటే సూది పెడితే ఒంట్లోనే మార్ఫిన్ లాంటిది ఊరతా ఉంది. ఇది నమ్మకమా?

మరిది: ఊరుతుంది. ఏ నొప్పి పెట్టినా ఊరుతుంది. ఒకచోట గట్టి నొప్పి పెడితే ఇంకోచోట నొప్పి మరుగున పడుతుందని నరాల శాస్త్రానికి తెలుసు. మన పల్లెల్లో కామెర్లకు, కీళ్లవాతానికి కాల్చిన కడ్డీతో వాతలు పెట్టేవాళ్లు గుర్తుందా? వాత పెట్టించుకున్నవాడికి కూడా ఆ పూట కీలునొప్పి తెలిసి ఉండదు. వాతలు తెచ్చుకుందామా వార్డులోకి?

వదిన: వాతకూ, వెంట్రుక మందం సూదికీ పోలికా! గుచ్చినట్టు కూడా తెలీదు చాలామందికి. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడం. ప్యాకెట్ చించాల, పెట్టాల, తీసి పారేయాల.

(సూది వదిన పర్సులోనే ఉంది. తీసి చూపించింది. మామూలు ఇంజెక్షన్ సూదికి లోపల బోలుంటుంది, కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, అది కండను కోసుకుంటూ పోతుంది. ఇది గట్టి తీగ, మొన గుండ్రం. మందం పావు మిల్లీమీటరు. కండను పక్కకు తప్పించుకుంటూ దిగుతుంది. డాక్టరు కూడా దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి మారుమాట లేకుండా తిరిగి ఇచ్చేశాడు.)

మరిది: సూది మంచిదే. ఆ సూది చుట్టూ అల్లిన కథలతోనే నా పేచీ. "చైనాలో మత్తు లేకుండా సూదులతో గుండె ఆపరేషన్ చేస్తారంట సార్" అని ఇప్పటికీ అడుగుతారు నన్ను. ఈ కథ ఎక్కడ పుట్టిందో తెలుసా? 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు చైనాలోని పీకింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. ఆయనకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చే కోశారు. సూదులు పెట్టింది ఆపరేషన్ అయ్యాక రెండో రాత్రి, కడుపు ఉబ్బరానికి. ఆయన రాసింది కూడా అదే. జనం నోళ్లలో పడి అది సూదులతో చేసిన ఆపరేషన్ అయి కూర్చుంది. మరుసటి ఏడు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాడు, ఇటలీ దర్శకుడు ఆంటోనియోని వెళ్లి సినిమా తీశాడు. అందులో సూదులు పెట్టి సిజేరియన్ చేస్తారు, తల్లి మెలకువగా ఉంటుంది. ఇక చెప్పేదేముంది!

వదిన: అంతా కథేనా? షాంఘైలో 1958లో టాన్సిల్స్ తీసినారు సూదులతో. 1960లో అక్కడి క్షయ ఆసుపత్రిలో ఊపిరితిత్తికే ఆపరేషన్ చేసినారు. ఛాతీ ఆసుపత్రిలో చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఆ ముక్క గుర్తుండిపోయింది. మన ఆరోగ్యవరం కూడా క్షయ శానటోరియమే కదా. డెన్మార్క్ నుంచొచ్చిన ఫ్రిమోట్ మొల్లర్ దొర నడిపిన ఆసుపత్రి. మందులు రాని కాలంలో క్షయకు గాలీ, విశ్రాంతీ, పక్కటెముకల సందున సూది దించి గాలి ఎక్కించడమూ ఇవే వైద్యం. ఊపిరితిత్తిని కావాలని ముడిచిపెట్టేవాళ్లు, దానికి విశ్రాంతి దొరికి పుండు మానుతుందని.

మరిది: భలే గుర్తుచేశారు! మీ ఆక్యుపంక్చర్‌లో అరుదుగా జరిగే పెద్ద ప్రమాదం అదే. ఛాతీమీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికొస్తుంది. ఒకప్పుడు శానటోరియంలో వైద్యంగా చేసింది ఇప్పుడు మీరు చేస్తే కేసవుతుంది.

వదిన: అందుకే ఛాతీ జోలికి పోను. చేతులూ, కాళ్లూ, ముఖమూ.

మరిది: షాంఘై సంగతి కూడా పూర్తిగా వినండి. వాళ్లు రోగుల్ని ఏరుకునేవాళ్లు. ముందునుంచి ఊపిరి తీసుకోవడం నేర్పించేవాళ్లు. పక్కన మందులూ ఇచ్చేవాళ్లు. 2006లో బీబీసీ వాళ్లు అదే షాంఘైలో గుండె ఆపరేషన్ చూపించి ప్రపంచాన్ని నోరెళ్లబెట్టించారు. తర్వాత తేలిందేమంటే మిడజోలమ్, డ్రోపెరిడాల్, ఫెంటనిల్ అనే మగత, నొప్పి మందులు ఇచ్చారు, ఛాతీకి స్థానికంగా మత్తు కూడా ఎక్కించారు. అన్ని మందులిస్తే సూది లేకపోయినా ఆ రోగి కదలదు. చైనావాళ్లే ఇప్పుడు దాన్ని సూది కలిపిన మత్తు అంటున్నారు, సూది మత్తు అనడం లేదు.

వదిన: నేనూ అదే కదప్పా మొదట్నుంచీ అంటాండేది! కలిపి. నీ స్ప్రే నువ్వు కొట్టు, నా సూది నేను పెడతా. నేనెప్పుడన్నా సూదితో కోస్తానన్నానా?

మరిది: మీరనరు. మీ పక్కవాళ్లు అంటారు. కుప్పం సంగతి మీకు తెలియంది కాదు. ఒక వైపు తమిళనాడు, ఒక వైపు కర్ణాటక. మూడు భాషల్లో వీడియోలు చూసి వస్తారు మా దగ్గరికి. ఒక్క వేలితో ఒక్క చోట తాకితే షుగరు పోతుంది, మాత్రలు మానేయమని చెప్పేవాళ్లున్నారు. 2024 ఫిబ్రవరిలో తిరువనంతపురం దగ్గర నేమంలో ఇంట్లో కాన్పు చేయబోయి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆక్యుపంక్చర్ చేసే మనిషిని అరెస్టు చేశారు. అంతకుముందు కాన్పులు సిజేరియన్లే అయిన మనిషికి ఆసుపత్రి వద్దన్నారు. అది చదివాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

వదిన: ఆ పాపం మీద నేను వాదించను. అట్లాంటోళ్లను ఆసుపత్రి గడప తొక్కనీయకూడదు. అయినా ఒక మాట. వాళ్ల దగ్గరికి జనం ఎందుకు పోతాండారు? మన ప్రసవాల గదిలో ఆడవాళ్లను ఎట్లా మాట్లాడతారో నాకు తెలుసు, నీకూ తెలుసు. కాన్పు నొప్పులకు సూదీ, నొక్కడమూ పనికొస్తాయా అని 2020లో 28 పరీక్షలు చూసినారు, 3,960 మంది ఆడవాళ్లు. గట్టిగా రుజువైందని రాయలేదు, నొక్కితే నొప్పి కొంత తగ్గొచ్చని మాత్రం రాసినారు. ఆ కాస్త కూడా మనం ఆసుపత్రి లోపల ఇస్తే, బయట వెతుక్కునే పని తగ్గుతుంది.

మరిది: లోపల ఇస్తే వచ్చే ప్రమాదం కూడా చెప్తాను, ఇది నా పనిలో రోజూ చూసేదే. సిజేరియన్‌కు నడుముకి మత్తు ఇచ్చాక తల్లికి ఉన్నట్టుండి వికారం వస్తుంది. ఎందుకు? బీపీ పడిపోతుంది కాబట్టి. ఆ క్షణంలో చూడాల్సింది మానిటర్, ఎక్కించాల్సింది బీపీ నిలబెట్టే మందు. "వాంతా? ఉండమ్మా" అని మణికట్టు నొక్కుతూ కూర్చుంటే తల్లికీ బిడ్డకూ ముప్పు. వికారం చాలాసార్లు జబ్బు కాదు, కబురు. కబురు తెచ్చినవాడి నోరు మూయకూడదు.

వదిన: ...అది నిజమే. అది రాసి పెట్టుకుంటా.

(వదిన నిజంగానే చిన్న నోటు పుస్తకం తీసి రాసుకుంది. నర్సులకుండే అలవాటు.)

మరిది: చట్టం సంగతి కూడా ఉంది. మీకు అర్హతేంటని ఎవరన్నా అడిగితే?

వదిన: తెలిసే చేస్తాండాను. 2003 నవంబర్ 25న కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇచ్చింది, రిజిస్టరైన వైద్యులు గానీ తగిన శిక్షణ పొందినవాళ్లు గానీ చేయొచ్చని. 2019 ఫిబ్రవరిలో దాన్ని సొంతంగా నిలబడే పద్ధతిగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్ 1996లోనే చట్టం చేసుకుంది. అక్కడ ముందు రావడానికి కారణముంది. 1938లో కోట్నిస్‌తో పాటు యుద్ధంలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేసేందుకు చైనా పోయిన డాక్టర్లలో కలకత్తా బి.కె. బసు ఒకడు. ఆయన 1950ల చివర మళ్లీ పోయి నేర్చుకుని వచ్చి, 1959లో కలకత్తాలో మొదలుపెట్టినాడు. మన దేశానికి దీన్ని తెచ్చింది బాబాలు కాదు, అల్లోపతి డాక్టరు.

మరిది: ఉత్తర్వు చేయొచ్చని చెప్తుంది, పనిచేస్తుందని చెప్పదు. పనిచేస్తుందో లేదో తేల్చుకునే పద్ధతి కోసం షాంఘైకో పారిస్‌కో పోనక్కరలేదు. మీ మదనపల్లెలోనే ఉంది. బీసీజీ టీకా క్షయను ఆపుతుందా లేదా అని మీ దొరగారి కొడుకు యోహానెస్ ఫ్రిమోట్ మొల్లర్ ఆ చుట్టుపక్కల పల్లెల్లో 1950లో పరీక్ష మొదలుపెట్టాడు. టీకా వేసినవాళ్లు ఒక గుంపు, వేయనివాళ్లు ఒక గుంపు. ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి ఎవరికి జబ్బొచ్చిందో లెక్కగట్టారు. ఆ ఫలితాలు 1964లో డబ్ల్యూహెచ్‌ఓ బులెటిన్‌లో వచ్చాయి. టీకా మంచిదని అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో కూడా ఆయన ఊరికే నమ్మలేదు. మీరు ఆ నేలమీద చదువుకుని, "నా అనుభవంలో చూశాను" అంటే ఎట్లా?

వదిన: అట్లయితే చేద్దాం పట్టు. నువ్వే ముందుకు రా. ఎండోస్కోపీకి వచ్చేవాళ్లలో సగం మందికి స్ప్రే ఒకటే, సగం మందికి స్ప్రేతో పాటు మణికట్టు నొక్కడం. ఎన్నిసార్లు ఓకరించినారు, ఎంతమంది గొట్టం లాగేసినారు, మళ్లీ చేయించుకుంటారా అని అడిగితే ఏమన్నారు, లెక్క రాద్దాం.

మరిది: రెండు గుంపులు చాలవు. మూడోది కావాలి. స్ప్రే కొట్టి, పక్కన ఒక నర్సు ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. మణికట్టు మీద కాదు, మామూలుగా.

వదిన: (నవ్వి) ఆ మూడో గుంపు దొరకదు నాయనా.

మరిది: ఎందుకు దొరకదు?

వదిన: నీకు వార్డు తెలీదు. నువ్వు థియేటర్ మనిషివి. ఒక నర్సు రోగి చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుందనుకో, సిస్టర్ ఇన్‌ఛార్జి ఏమంటుంది? "పనేం లేదా నీకు? ఆ బెడ్డుకు సెలైన్ అయిపోయింది చూడు" అంటుంది. అదే ఆ నర్సు సూది పెట్టి, తీసేదాకా ఉండాల అంటే? ఎవరూ లేపరు. అది ప్రొసీజర్ కదా! కేస్ షీట్‌లో రాసుకోవచ్చు. నువ్వు ఇందాక అన్నావే, నూటికి 44 మందికి గుణమిచ్చింది మనిషి పక్కన కూర్చోవడం అని. ఒప్పుకుంటా. కానీ ఆ మనిషి కూర్చునేందుకు మన ఆసుపత్రుల్లో చోటిచ్చేది ఆ సూదే.

మరిది: అంటే సూది ఒక వంక అంటారు. మనిషిని కూర్చోబెట్టడానికి రోగికి అబద్ధం చెప్పాలా?

వదిన: అబద్ధమెందుకు? "దీంతో కొందరికి తెరిపిగా ఉంటుంది, కొందరికి ఉండదు, నొప్పి పూర్తిగా పోదు, మత్తుకు బదులు కాదు" అని చెప్పే పెడతా. నిజం చెప్తే పనిచేయదని నీ భయమా? 2010లో హార్వర్డ్‌లో కాప్‌చుక్ అనే పరిశోధకుడు పేగుల జబ్బుతో బాధపడే 80 మందితో చేసినాడు. కొందరికి "ఇది ఉత్తుత్తి మాత్రే, ఇందులో మందు లేదు" అని చెప్పే ఇచ్చినాడు. ఏమీ ఇవ్వనివాళ్ల కంటే వాళ్లకు నయంగా ఉంది. ఆయన కూడా ముందు సూదులు నేర్చుకున్నవాడే.

మరిది: ఎనభై మందే. అయినా ఆ పరీక్ష నాకూ ఇష్టమే. సరే, అమ్మ సంగతికి వద్దాం. అమ్మ గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ వాడుతోంది. సూది గుచ్చితే కమిలిపోతుంది. ఆ మాత్రలు ఆపమని గుండె డాక్టరును అడక్కుండా చెప్పడానికి మీకూ హక్కు లేదు, నాకూ లేదు. దీనికేమంటారు?

ఇంతలో లోపలి గదిలోంచి ఆవిడే జవాబు చెప్పింది. "గొట్టానికి భయపడేదాన్ని సూదులకు భయపడనా? నాకు ఏ సూదులూ వద్దు. ఆ ఏలితోనే నొక్కు చాలు. దానికి దుడ్డు కూడా తీసుకోరు కదా?"

దాంతో సూదుల వాదం ఆ ఇంటి వరకు తేలిపోయింది. స్ప్రే కొట్టాక నిదానంగా ఆగాలని, మరీ తట్టుకోలేకపోతే మిడజోలమ్ ఇవ్వాలని, గొట్టం దిగినంతసేపూ వదిన పక్కనుండి మణికట్టు నొక్కి పట్టుకోవాలని ఒప్పుకున్నారు. ఎండోస్కోపీ వచ్చేవారం. అది సాఫీగా జరిగినా వదిన మాట రుజువైనట్టు కాదు, జరక్కపోయినా తేలిపోయినట్టు కాదు. ఒక్క మనిషితో ఏదీ తేలదని ఆరోగ్యవరం డాక్టర్లు ఏనాడో చూపించారు.

నా మట్టుకు నేను సాక్ష్యం విషయంలో డాక్టరు వైపే. వాంతుల దగ్గర తప్ప మిగతాచోట సూది గెలిచినట్టు చూపించే గట్టి పరీక్షలు తక్కువ. కానీ మత్తు డాక్టరు ఉండని గదుల్లో, చిన్నవని పేరుపడ్డ పనుల్లో, రోగి బాధ చూసుకోవడం ఎవరి డ్యూటీ అని వదిన అడిగింది. ఆ డ్యూటీ ఏ చార్టులోనూ లేదు. సూది పెట్టినా, పెట్టకపోయినా అది చార్టులోకి ఎక్కాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఎండోస్కోపీ రాస్తే, స్ప్రే ఇస్తారా, ఇచ్చాక ఎంతసేపు ఆగుతారు, తట్టుకోలేకపోతే మత్తు ఇచ్చే వీలుందా అని ముందురోజే అడగండి. అడగడం మీ హక్కు. మత్తు అక్కర్లేదు, సూదులు చాలు అనేవాళ్లు ఎవరైనా ఎదురైతే లేచి వచ్చేయండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి గొట్టం వేసేవాళ్లకూ చెప్పండి, సూది పెట్టేవాళ్లకూ చెప్పండి.